బొటనవేలి మీద బరువు

మాఘమాసం ముహూర్తాల రోజులు. ఒక ఉదయం ఓ.పి.లో పద్దెనిమిదేళ్ల కుర్రాడొకడు వచ్చి కూచున్నాడు. కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి. గ్లాసు ఎత్తాలన్నా, చొక్కా బొత్తాం పెట్టుకోవాలన్నా సలుపేనట. బొటనవేలిని గుప్పిట్లో మూయించి, మణికట్టును చిటికెనవేలి వైపు మెల్లగా వంచాను. "అబ్బా!" అని చెయ్యి లాక్కున్నాడు.

బొటనవేలిని కదిలించే స్నాయువులు మణికట్టు దగ్గర ఓ ఇరుకైన తొడుగులోంచి జారుతూ ఉంటాయి. ఆ తొడుగు మందమై వాటిని పట్టేస్తే ఇలాగే ఉంటుంది. 1895లో దీన్ని వివరించిన స్విట్జర్లండు శస్త్రవైద్యుడు డి కెర్వెన్ పేరే ఈ జబ్బుకు పెట్టారు. జబ్బు పేరు తట్టింది కదా అన్న తృప్తితో మాత్రలు రాసి పంపేశాను.

పది రోజుల్లో మళ్లీ వచ్చాడు. నొప్పి తగ్గకపోగా పెరిగింది. మొదటి రోజే అడగవలసిన ప్రశ్న అప్పుడడిగాను.

"చేత్తో ఏం పని చేస్తావోయ్?"

"బ్యాండు మేళంలో శాక్సోఫోను వాయిస్తానండి. నాలుగు నెలలైంది మొదలెట్టి."

"కొన్నాళ్లు మానెయ్యి."

"మానేస్తే మా మావయ్య ఇంకొకణ్ణి పెట్టుకుంటాడండి. ముహూర్తాలు పోతే మళ్లీ ఏం తింటామండి?"

నా దగ్గర జవాబు లేదు. "రేపు ఓ.పి. అయ్యాక నీ వాయిద్యం తీసుకుని రా" అన్నాను.

మర్నాడు వాయిద్యంతోపాటు మేళంలో ముప్పై ఏళ్లుగా వాయిస్తున్న ఓ పెద్దాయన్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. కుర్రాడు పట్టుకుని నిలబడగానే నాకు సగం అర్థమైంది. శాక్సోఫోను వెనక, కింది భాగంలో ఓ చిన్న కొక్కెం ఉంటుంది. కుడి బొటనవేలు దాని కింద ఉండాలి. ఇతని మెడపట్టీ వదులుగా వేలాడుతోంది. వాయిద్యం మొత్తం ఆ కొక్కెం మీద, అంటే బొటనవేలి మీద ఆనుకుని ఉంది. ఆల్టో శాక్సోఫోను బరువు సుమారు రెండున్నర కిలోలు. అంత బియ్యం సంచీని ఒక్క బొటనవేలి మీద ఊరేగింపు పొడుగునా మోయమంటే ఎవరి వేలు ఊరుకుంటుంది?

పెద్దాయన నవ్వి, "వీడు చూసి నేర్చుకున్నాడు బాబూ, అడిగి నేర్చుకోలేదు" అన్నాడు. సంగీతం ఆయనకు తెలుసు, మణికట్టు నాకు తెలుసు. ఇద్దరం కలిసి కుర్రాడి చేతులు సరిచేశాం.

కద్రి గోపాల్‌నాథ్ (1949–2019) ఈ వాయిద్యంతో కర్ణాటక సంగీత కచేరీలు చేసి మెప్పించాక, దీన్ని నేర్చుకోవాలని ముచ్చటపడే పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్ల కోసం ఆ రోజు మేము సరిచేసినవన్నీ ఇక్కడ చెబుతాను.

మొదట మెడపట్టీ. నిటారుగా నిలబడి, ఎదురుగా చూస్తూ ఉండగా వాయిద్యం మూతి సరిగ్గా నోటికి అందాలి. దానికోసం తల వంచకూడదు, మెడ చాచకూడదు. అందకపోతే పట్టీ పొడుగు సర్దుకోవాలి. బరువు పట్టీది. కుడి బొటనవేలు వాయిద్యాన్ని కాస్త ముందుకు నెట్టి నిలకడగా ఉంచుతుందంతే. కొక్కెం ఆ వేలికి గోటికీ మొదటి కణుపుకీ మధ్య తగలాలి. చాలా వాయిద్యాల్లో మర వదులు చేసి కొక్కేన్ని జరుపుకోవచ్చు.

ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద. ఎడమచేతి వాటం వాళ్లకైనా ఇంతే. ఎడమ బొటనవేలు వెనకనున్న బిళ్ల మీద ఆనుకుని ఉంటుంది. పై స్థాయి స్వరాల మీట నొక్కడానికి వేలి కొనను దొర్లిస్తే చాలు, వేలు ఎత్తకూడదు.

మిగతా వేళ్లు బత్తాయి పండు పట్టుకున్నట్టు గుండ్రంగా వంగి ఉండాలి. వేలి కొనల్లోని మెత్తని భాగం బిళ్లల మధ్యలో పడాలి. ఎడమ చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఓ చిన్న బిళ్ల ఉంటుంది. కొత్తవాళ్లు మధ్యవేలిని పొరపాటున దానిమీద పెడతారు. దాన్ని దాటి పెద్ద బిళ్ల మీద పెట్టాలి. ఎడమ అరచెయ్యి పక్క మీటలకు తగలకుండా చూసుకోవాలి. తగిలితే అపస్వరమే. స్వరం మారినప్పుడల్లా వేళ్లు గాల్లోకి ఎగరకూడదు, బిళ్లలకు దగ్గరగానే ఉండాలి. మణికట్లు వంగకుండా, భుజాలు ఎత్తకుండా వాయించాలి.

నేర్చుకునే రోజుల్లో ఇరవై నిమిషాలు వాయించి ఐదు నిమిషాలు చేతులకు విశ్రాంతి ఇవ్వండి. నొప్పిని ఓర్చుకుంటే వేళ్లు గట్టిపడతాయనుకోవడం పొరపాటు. వేళ్లలో తిమ్మిరి విశ్రాంతితో పోకపోతే, రాత్రి నిద్రలో లేపుతుంటే డాక్టరుకు చూపించండి. చూపించేటప్పుడు ఏ వాయిద్యం వాయిస్తున్నారో తప్పకుండా చెప్పండి. డాక్టరు అడగకపోయినా చెప్పండి.

కుర్రాడికి మూడు వారాలు బొటనవేలు కదలకుండా కట్టు వేశాను. పెద్దాయన అతని మేనమామతో మాట్లాడి ఆ చోటు ఇంకొకరికి పోకుండా చూశాడు. కట్టు విప్పాక రోజుకు పది నిమిషాలతో మళ్లీ మొదలుపెట్టాడు.

రెండు నెలల తరవాత ఓ.పి. వరసలో మళ్లీ కనిపించాడు. నా గుండె కాస్త జారింది. కాని ఈసారి చూపించింది చెయ్యి కాదు, మెడ. సన్నటి తాడులాంటి పట్టీ, పాత రెండున్నర కిలోలే. వెడల్పాటి మెత్తని పట్టీగాని, రెండు భుజాల మీదుగా వేసుకునే పట్టీగాని వాడాలని చెప్పాను. చిన్నపిల్లలకైతే మొదటినుంచీ భుజాల పట్టీయే మేలు.

ఆ రోజు మాత్రం మందుల చీటీ ముట్టుకోకముందే, "ఏదీ, నీ పట్టీ చూపించు" అన్నాను.