లింకు డాక్యుమెంట్లు

తమ్ముడు పంపిన కాగితాలు బ్యాగులో పెట్టుకునే బెల్జియంలో చదువుకుంటున్న అమ్మాయి దగ్గరికి వెళ్లాను. అమ్మ కట్టించిన ఇంట్లో నా వాటా వదులుకుంటున్నట్టు రాయించిన హక్కు విడుదల పత్రం, చిత్తుప్రతి. "చదివి సరేననక్కా, నువ్వొచ్చాక రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం. రేపు అమ్మాలంటే లింకు డాక్యుమెంట్లు సరిగ్గా ఉండాలి కదా" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అదే చిక్కు.

బ్రూజ్‌లో మేరీమాత చర్చికి తీసుకెళ్లింది అమ్మాయి. అక్కడ మైకెలాంజెలో తెల్ల పాలరాతిలో చెక్కిన తల్లీబిడ్డలు ఉన్నారు. బిడ్డ చంకలో లేడు. ఆమె మోకాళ్ల మధ్య నుంచి కిందికి అడుగు వేయబోతున్నాడు. ఒక చెయ్యి మాత్రం ఆమె చేతిలో ఉంది. ఆమె వాణ్ణి ఆపడం లేదు, వాడి వంక చూడడమూ లేదు. చాలాసేపు నిలబడిపోయాను.

ఈ విగ్రహానికీ లింకు డాక్యుమెంట్లున్నాయి. దీన్ని ఇంట్లో పెట్టించి ఎవరికీ కనపడనివ్వొద్దని 1506లో మైకెలాంజెలో తండ్రికి ఉత్తరం రాశాడు. కొన్నది బ్రూజ్‌కు చెందిన మూస్క్రాన్ అనే బట్టల వర్తకుల కుటుంబం. 1514లో వాళ్లు చర్చికిచ్చారు. 1794లో ఫ్రెంచి సైన్యం పారిస్‌కి పట్టుకుపోయింది, 1815లో నెపోలియన్ ఓడాక తిరిగొచ్చింది. 1944 సెప్టెంబరులో జర్మన్లు పరుపుల్లో చుట్టి, రెడ్‌క్రాస్ లారీలో ఎక్కించుకుపోయారు. మరుసటి ఏడు ఆస్ట్రియాలోని ఆల్టౌసీ ఉప్పు గనిలో దొరికింది. ఆ గనిని పేల్చేద్దామని నాజీ అధికారి ఒకడు ఎనిమిది పెట్టెల్లో బాంబులు దింపించాడు, ఒక్కొక్కటి 500 కిలోలు. పెట్టెల మీద ఏమని రాయించాడనుకున్నారు? 'జాగ్రత్త, పాలరాయి' అని! గని మనుషులే వాటిని బయటికి చేర్చారు.

వర్తకుడు, మతాధికారి, సేనాని, గవర్నరు. వరసంతా మగవాళ్లే. చెక్కినవాడికి ఆరేళ్లప్పుడే తల్లి ఫ్రాంచెస్కా చనిపోయింది. పసితనంలో పాలిచ్చి పెంచింది సెత్తిన్యానోలో ఒక రాతిపనివాడి భార్య. ఉలీ సుత్తీ ఆ పాలతోనే వచ్చాయని ఆయన సరదాగా అనేవాడట. పాలు గుర్తున్నాయి గానీ, ఆమె పేరు ఏ కాగితంలోనూ లేదు.

ఆ రాత్రి చిత్తుప్రతి తీసి మళ్లీ చదివాను. అమ్మ ముప్ఫయ్యేళ్లు బడిలో పాఠాలు చెప్పి, జీతంలో నెలనెలా లోను కట్టి నిలబెట్టిన ఇల్లది. కాగితంలో మాత్రం ఆమె 'కీర్తిశేషులు ఫలానావారి భార్య, గృహిణి'. 1956 చట్టం ఆమె సొంత ఆస్తిలో కొడుకుతో సమానంగా నాకూ వాటా ఇచ్చిందని నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో!

పొద్దున్నే ఫోన్ చేశాను. "ముందు అందులో గృహిణి అన్న మాట కొట్టించు. ఇల్లు అమ్మ జీతంతో కట్టిందని రాయించు. ఆ తర్వాత నా వాటా సంగతి మాట్లాడదాం" అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. "అలాంటివి డాక్యుమెంట్లో రాయరక్కా" అన్నాడు.

కాగితాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.