అంచు కప్పుట

వికారాబాదునందలి మా యింటి పెరటిలో, నేరేడు చెట్టు క్రింద, మా అత్తగారు సాయంకాలము కూర్చుండుటకై ఒక చెక్క అరుగు వేయించితిమి. తాండూరు చేరువ నుండుటచే ఈ ప్రాంతమున నాపరాతి అరుగులే వాడుక. కాని రాయి వేసవిలో కాలును, శీతకాలమున చలి యెక్కును. వృద్ధులకు చెక్కయే హితమని తలచితిమి.

అరుగు చక్కగనే కుదిరెను గాని, చుట్టును పలకల కొనలు కోసినవి కోసినట్లే బయటపడి యుండెను. పిల్లల కాళ్ళకు పేళ్ళు గ్రుచ్చుకొనుచుండెను. మేము తొందరపడి, నేలను తాకునట్లుగా చుట్టును అంచుపలకలు బిగియగొట్టించి, రంగు పూయించితిమి. వచ్చిన చుట్టములెల్లరు మెచ్చుకొనిరి.

రెండు వర్షకాలములు గడచెను. ఒకనాడు అత్తగారు అడుగిడగనే అంచున పలక విరిగి, వారి పాదము లోనికి దిగబడెను. ఎముక విరుగలేదు గాని, నెలదినములు వారు మంచము దిగలేకపోయిరి. మమ్మొక్క మాటయైన అనలేదు. అందుచే మాకు మఱింత సిగ్గయ్యెను.

వడ్రంగి అంచుపలక ఊడదీయగా, లోపలి కొనలు నల్లబడి వ్రేలితో నొక్కిన పొడియగుచుండెను. నేలనుండి చెదలు మట్టిదారులు కట్టుకొనియుండెను. "అమ్మా, తడి లోపలికి పోయే తోవ ఉన్నది, బయటికి వచ్చే తోవ లేదు" అని యతడనెను. కఱ్ఱ సన్నని గొట్టముల కట్టవంటిది. ప్రక్కలకంటె కోసిన కొనయే నీటిని మిక్కిలిగా పీల్చును. గాలి తగులనిచో ఆ తడి ఆరక, కుళ్ళు పట్టును. పైన పటారము, లోన లొటారమన్న సామెత మా అరుగునకే తగెను.

ఈమాఱు కుళ్ళిన మేర కోయించి, కొనలకు అవిసె నూనె పలుమాఱులు పట్టించి ఆరనిచ్చితిమి. ఆ నూనె గుడ్డలను ముద్దగా పడవేయరాదు. తమంత తామే నిప్పంటుకొనవచ్చును. విప్పి ఆరవేయవలెను. ఊతకాళ్ళు మట్టిని తాకకుండ తాండూరు బండముక్కలు పెట్టించితిమి. అంచుపలకను కొనలకు పావు అంగుళము ఎడముగను, నేలకు రెండంగుళములు ఎత్తుగను అమర్చి, తుప్పుపట్టని మరమేకులతో బిగించితిమి. ఏటేట వానలు వెనుదిరిగినపిమ్మట విప్పి చూచుచున్నాము.

సోదరీమణులారా, అంచును కాపాడుటకు కప్పవలెను గాని, లోపమును దాచుటకు కాదు. అత్తగారు మరల అరుగుపై కూర్చుండుచున్నారు. అయినను, కూర్చుండుటకు మున్ను చేతికఱ్ఱతో అంచును ఒకమాఱు తట్టి చూచెదరు. ఆ చప్పుడు విన్నప్పుడెల్ల మా తొందరపాటు మాకు జ్ఞప్తికి వచ్చును.