పసిబిడ్డ వెంట మా బేస్తవారిపేట

మా బేస్తవారిపేట మీదుగా ప్రయాణం చేసినవారు మీలో చాలామంది ఉండవచ్చు, ఇక్కడ దిగినవారు మాత్రం కొద్దిమందే. ఒంగోలు, పొదిలి వైపు నుండి గిద్దలూరు, నంద్యాలకు పోయే బస్సులు కాసేపు ఆగుతాయి. ప్రయాణికులు టీ తాగి, కాళ్ళు సాచుకొని మళ్ళీ ఎక్కుతారు. పడమటి దిక్కున నల్లమల కొండలు నీలంగా కనబడతాయి. వానలు కురిస్తే కంది, సజ్జ, కురవకపోతే వలస. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకు ఇదంతా కర్నూలు జిల్లాలోనే ఉండేది. ఆ యాస, ఆ మాటలు ఇంకా పోలేదు. మా పెద్దలకు గురువారం నేటికీ బేస్తవారమే.

ఈ ఊరి పేరును మేము ఎన్నో ఏళ్ళుగా ఉత్తరాల మీద వ్రాస్తున్నాము. దానిలో ఒక ప్రశ్న ఉన్నదని మాత్రం మా చిన్న పాప అడిగేదాకా తోచలేదు. దానికి అయిదో ఏడు నడుస్తున్నది. "నాన్నా, మనది బేస్తవారం పేట కదా, మరి ఆదివారం పేట ఎక్కడుంది? మన మందిరం అక్కడ ఉండాలి గదా?" అని అడిగింది. వాళ్ళమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. వేదశాస్త్రంలో డిప్లొమా చదివిన మేము జవాబు వెదుక్కుంటూ నిలబడ్డాము.

మా ఇంటి నుండి మందిరానికి మా నడకలో పది నిమిషాలు. పాప వెంట వస్తే అరగంట. బడ్డీ కొట్టు దగ్గర కట్టేసిన మేకపిల్లను పలకరించాలి. గోడ వెంట పోయే చీమల బారు చివరకు ఎక్కడ చేరుతుందో చూడాలి. కుళాయి దగ్గర వరుసగా పెట్టిన బిందెలు లెక్కపెట్టాలి. అయిదు దాటగానే మళ్ళీ ఒకటి నుండి మొదలు. మొదట్లో చేయి పట్టి లాగాలనిపించేది. కాని ఆ బిందెల దగ్గర నిలబడే సమయంలోనే ఎవరి ఇంట్లో జ్వరమో, ఎవరు గుంటూరు వైపు మిరపకాయల కోతకు బయలుదేరుతున్నారో మాకు తెలిసివచ్చేది. సైకిలు మీద పోయే పాస్టరుకు ఎవరూ అవి చెప్పరు.

ఆదికాండము 33వ అధ్యాయములో ఏశావు కలిసి వెళ్దామంటే, యాకోబు, పిల్లలు పసివారు, మందలో పాలిచ్చే గొర్రెలున్నవి, తొందరపెట్టి తోలితే అవి బ్రతకవు, నీవు ముందు సాగు, నేను వారి నడకను బట్టి మెల్లగా వస్తాను అంటాడు. ఆయన శేయీరుకు వెళ్ళక సుక్కోతుకు పోయాడు గనుక అదంతా సాకేనని చెప్పేవారు ఉన్నారు. సాకే కావచ్చు. అయితే పిల్లల తండ్రికి తప్ప వేరొకరికి అలాంటి సాకు తట్టదు.

ఒక సోమవారం పాపను కంభం చెరువుకు తీసుకొని వెళ్ళాము. మాకు కంభం దగ్గరే. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకు రెండు కొండల నడుమ సందులో కట్ట వేసి ఆపిన చెరువు అది. విజయనగర రాజుల కాలపు పని. గజపతుల ఆడబిడ్డ వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. అంత చిన్న కట్ట అంత నీటిని ఆపటం చూస్తే పెద్దవారికే ఆశ్చర్యం. పాప మాత్రం కట్టను చూడలేదు, ఒడ్డున తడిసిన రాళ్ళను ఏరుకొని, రంగులను బట్టి వరుస పెట్టింది. ఆ రాళ్ళు ఆరిపోగానే రంగు పోయిందని ఏడ్చింది. మళ్ళీ ముంచితే వస్తుందని చూపిస్తే ఒక గంటసేపు అదే పని.

"ఈ నీళ్ళు ఎక్కడికి పోతాయి?" అని అడిగింది. మార్కాపురం వైపు, అక్కడి నుండి దిగువకు, ఒంగోలు దాటి సముద్రానికి అని చెప్పాము. ఆ దిగువనే వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 3న ఒక్క దినములో 2,222 మంది బాప్తిస్మము పొందారు. దానికి ముందు రెండేళ్ళు ఘోరమైన కరువు. క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే పని ఒప్పుకొని వేలమందికి కూలి దొరికేలా చేశారు. బియ్యం కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని కరువు పని సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపారు. ఆ దినాన నదిలో దిగి బాప్తిస్మాలిచ్చింది కూడా దొర కాదు, మన తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకొని. మా కంభం, మార్కాపురం కూడా తరువాత ఆ అమెరికన్ బాప్టిస్టు మిషను కేంద్రాలయ్యాయి గనుక ఈ సంగతి మా సంఘాల్లో ముసలివారందరికీ నోటికి వచ్చు.

అంతా విని పాప, "వాళ్ళ పిల్లలు అప్పుడు ఏం చేస్తున్నారు?" అన్నది. గట్టు మీద తడిబట్టల మూటల దగ్గర కూర్చొని ఉంటారు అన్నాము. మేము చదివినంతలో ఆ పిల్లల సంగతి ఎక్కడా వ్రాసిలేదు.

జూన్ నెలలో బడులు తెరిచే ముందు పలక కొనడానికి మార్కాపురం వెళ్ళాము. కంభంలో రైలెక్కితే తర్లుపాడు, ఆ తరువాత మార్కాపురం రోడ్డు. ఇప్పుడు అంగళ్ళలో ప్లాస్టిక్ పలకలే ముందు వరుసలో ఉన్నాయి. మార్కాపురంలో దిగి ప్లాస్టిక్ పలక కొనడం మాకు మనసొప్పలేదు. కొయ్య చట్రం బిగించిన రాతి పలక, ఒక పెట్టె బలపాలు కొన్నాము. ఆ బలపాల్లో రెండు ఊరు చేరేలోగా పాప నోట్లో పోయాయి.

ఆ సాయంత్రం ప్రార్థనకు వచ్చిన మా సంఘ పెద్ద ఒకాయన పలకను చేతిలోకి తీసుకొని, గోటితో తట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. "మంచిదే పాపమ్మా, పగులు లేదు" అన్నాడు.

ఆయన ఎనిమిదో ఏట నుండి పలకల పనిలో ఉన్నవాడు. గుంటలో నుండి తెచ్చిన రాతిని ఉలితో పొరలుగా చీల్చటం, కొలతకు కోయటం, నునుపు చేయటం, చట్రం బిగించటం, కట్టలు కట్టటం, ఇవన్నీ ఆయన వివరించాడు. నునుపు పని చేసేచోట దుమ్ముకు ఎదుటి మనిషి కనబడేవాడు కాదట. ఆ దగ్గు ఇంకా ఆయనను వదలలేదు. "కరువు సంవత్సరం. మా నాయన తెచ్చిన బదులు తీరేదాకా అనుకున్నాం. తీరలేదు" అన్నాడు.

1996 డిసెంబరులో బాల కార్మికులను గూర్చి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు పనితో పాటు మార్కాపురం పలకల పరిశ్రమ పేరు కూడా ఉన్నది. పనిలో పెట్టుకున్న ఒక్కొక్క బిడ్డకు యజమాని 20,000 రూపాయలు కట్టాలనీ, ఆ బిడ్డను బడికి పంపాలనీ తీర్పు. దేశమంతటి పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకలు చేసిన ఊరికి అటువంటి జాబితాలో చోటు దొరకటం మాకు నేటికీ మనసును కోసే సంగతి. ఈ మధ్య ఆ రాయి గోడలకు, ఇంటి కప్పులకు అతికించే పలకలుగా విదేశాలకు కూడా పోతున్నది. బడి పలకల పని తగ్గింది. కాని పనికి పోయే పిల్లలు మా పల్లెల్లో లేరని మేము చెప్పలేము. మిరపకోతల కాలం వస్తే మా ఆదివారపు బడిలో చాపలు ఖాళీ అవుతాయి. కొందరు తల్లిదండ్రులు బిడ్డలను అవ్వ దగ్గర వదిలి పోతారు. కొందరు చిన్నవారిని చూసుకొనేందుకు పెద్దపిల్లను వెంట తీసుకొని పోతారు. ఆ పిల్ల బడికి తిరిగి వస్తే అదృష్టం. ఈ సంవత్సరం మూడు ఇండ్లకు వెళ్ళి, పిల్లలను ఇక్కడ ఉంచండి, మధ్యాహ్నం బడిలో తింటారు, రాత్రికి మందిరంలో అందరం చూసుకుంటాము అని అడిగాము. ఒక ఇంటివారు ఒప్పుకున్నారు.

పెద్దాయన మాటలన్నీ పాప మా ఒడిలో కూర్చొని విన్నది. అది మొదట అడిగింది ఆయన పళ్ళ సంగతి. "తాతా, నీ పళ్ళు ఎందుకట్లా పచ్చగా ఉన్నాయి?" "మా బోరు నీళ్ళు తల్లీ" అని నవ్వాడు. ఈ మెట్ట ప్రాంతంలో ఫ్లోరైడు నీళ్ళు తాగినవారి నవ్వు చూస్తే ఊరు చెప్పవచ్చు. తరువాత, "ఇన్ని పలకలు చేశావు గదా, నీకొకటి ఇచ్చారా?" అని అడిగింది.

ఆయన కాసేపు మాటాడలేదు. "పగిలినవి ఇచ్చేవాళ్ళు" అన్నాడు. ఆయనకు సంతకం వచ్చు, అంతకుమించి రాదు. కీర్తనలు విని విని ఇరవైకి పైగా కంఠతా చెప్పగలడు, మేము తడబడితే అందిస్తాడు కూడా.

పాప దిగి, పలక తెచ్చి ఆయన ముందు పెట్టి, "కూర్చో తాతా" అన్నది. ఆ రోజు మొదలు ప్రార్థనకు అరగంట ముందే వస్తున్నాడు. బలపం పట్టుకోవటం దానికంటే ఆయనకే కష్టం, వేళ్ళు వంగవు. చెరిపేది మాత్రం పాపే, తడిగుడ్డ ఎవ్వరికీ ఇవ్వదు. నిన్నటికి ఊ వచ్చింది. ఋ దగ్గర ఇద్దరూ ఆగి, మమ్మల్ని పిలిచారు.