వెనక చక్రాలు ఎటు చూస్తున్నాయి

నాన్న మా దగ్గరికి వచ్చిన మూడో రోజు పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోకి దిగాడు. నేను బాల్కనీలోంచి చూస్తున్నాను. నా కారు చుట్టూ ఒక రౌండ్ వేసి, వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. కప్పు కింద పెట్టి, బంపర్ కింద నుంచి చెయ్యి దూర్చి, అరచెయ్యి టైరు మీద పెట్టి బయటి నుంచి లోపలికి, లోపలి నుంచి బయటికి నాలుగైదు సార్లు రాశాడు. తర్వాత రెండో చక్రం. అక్కడా అంతే.

"ఒరేయ్, ఒకసారి కిందికి రా" అన్నాడు.

ఆ పిలుపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ప్రోగ్రెస్ కార్డు చేతిలో ఉన్నప్పుడు అలాగే పిలిచేవాడు.

ముందు ఆ కారు సంగతి చెప్పాలి. అది 2003 మోడల్ మజ్దా మియాటా. రెండే సీట్లు, పైకప్పు వెనక్కి మడిచేయొచ్చు. మొత్తం బరువు 1100 కేజీల లోపే. అందరూ ఇక్కడ డాలస్‌లో ఏడు సీట్ల కారు కొనుక్కుంటుంటే నేను దీన్ని సెకండ్ హ్యాండ్‌లో తెచ్చాను. మా ఆవిడ అప్పుడే అడిగింది, "మీ అమ్మానాన్నా వస్తే ఎక్కడ కూర్చోబెడతావు?" అని. ఆమె కారు ఉందిగా అన్నాను. అంతకు ముందు ఓనర్ పొట్టి స్ప్రింగులు వేయించి కారుని అంగుళంన్నర కిందికి దించాడు. చూడటానికి భలే ఉంటుంది. మన హైదరాబాద్ స్పీడ్ బ్రేకర్ ఒక్కటి చాలు, దీని కడుపు చీరేయడానికి. అది వేరే విషయం.

కారుని కిందికి దించితే కేవలం ఎత్తు తగ్గదు. ఈ కారు సస్పెన్షన్‌లో చక్రాన్ని పైనా కిందా రెండు చేతులు పట్టుకుని ఉంటాయి. బాడీ కిందికి దిగేకొద్దీ ఆ చేతుల కోణం మారి, చక్రం పైభాగం కారు వైపు వాలుతుంది. దాన్ని నెగెటివ్ క్యాంబర్ అంటారు. రోడ్డు మీద చక్రం ఎటు చూస్తోందన్నది టో. మీరు నిలబడి రెండు పాదాల బొటనవేళ్ళూ లోపలికి తిప్పితే అది టో ఇన్, బయటికి తిప్పితే టో అవుట్. ఇక మూడోది క్యాస్టర్. సైకిల్ ముందు ఫోర్క్ నిటారుగా ఉండకుండా వాలుగా ఉంటుంది చూడండి, ఆ వాలు. హ్యాండిల్ వదిలేసినా సైకిల్ తిన్నగా పోవడంలో దానిది పెద్ద పాత్ర. మామూలు కార్లు చాలావాటిలో ఇవన్నీ మార్చే వీలుండదు, ముందు టో ఒక్కటి మారుస్తారు. మియాటాలో మాత్రం నాలుగు చక్రాలకీ టో, క్యాంబర్ మార్చుకోవచ్చు. ముందు వాటికి క్యాస్టర్ కూడా. నాలాంటి వాడి చేతికి ఇన్ని మీటలు ఇవ్వకూడదు.

నేను చదివింది మెకానికల్. చేసేది సాఫ్ట్‌వేర్. మా బ్యాచ్‌లో సగం మంది కథ ఇదే. కాబట్టి మిగతా వాళ్ళకంటే ఈ విషయం నాకు బాగా తెలుసని ఒక నమ్మకం. కారు కొన్న నెలకే, నవంబర్‌లో, ఒక స్ప్రెడ్‌షీట్ తయారు చేశాను. రేసులకి తిప్పేవాళ్ళు ఏ సెట్టింగ్ పెడతారు, వీధిలో తిరిగేవాళ్ళు ఏది పెడతారు అని వెతికి వెతికి కాలమ్స్ నింపాను. చివరికి ముందు క్యాంబర్ మైనస్ 2.2, వెనక మైనస్ 2, ముందు టో సున్నా, వెనక టో ఒక్కో చక్రానికి 0.15 డిగ్రీ లోపలికి అని తేల్చాను. ప్రింట్ తీసి షాపుకి పట్టుకెళ్ళాను.

అక్కడ మెకానిక్ నాలుగు చక్రాలకీ పలకలు బిగించి, స్క్రీన్ మీద అంకెలు చూస్తూ పని మొదలుపెట్టాడు. ఆ మెషిన్‌లో కంపెనీ ఇచ్చిన హద్దుల్లో ఉంటే పచ్చ రంగు, దాటితే ఎరుపు. చివర్లో నన్ను పిలిచి, "ఇన్ని ఎర్రగా ఉన్నాయి, నీకు నిజంగా ఈ కాగితంలో ఉన్నవే కావాలా?" అని అడిగాడు. నేను చిన్నగా నవ్వాను కూడా. కిందికి దించిన కారుకి క్యాంబర్ ఎర్రగానే చూపిస్తుంది, కంపెనీ హద్దులు మామూలు ఎత్తుకి రాసినవి. ఇది నేను చదువుకున్నదే, నిజం కూడా. "అవును, అవే" అన్నాను. ఆయన భుజాలెగరేసి బోల్టులు బిగించేశాడు.

ఇంటికి వస్తుంటే కారు ఎంత చురుగ్గా ఉందో! స్టీరింగ్ ఇలా అనగానే అలా తిరిగిపోతోంది. నలుగురు ఫ్రెండ్స్‌కి ఫోన్ చేసి చెప్పాను, నా సెట్టింగ్ ఎంత బాగా కుదిరిందో. ఆఫీసుకి పోనూ రానూ 50 మైళ్ళు. ఏప్రిల్ వచ్చేసరికి దాదాపు 5 వేల మైళ్ళు తిప్పాను.

ఏప్రిల్‌లో ఒక రాత్రి మా ఆవిడా నేనూ సినిమా చూసి వస్తున్నాం. టెక్సస్ వాన తెలుసుగా, బకెట్‌తో కుమ్మరించినట్టు పడుతుంది. హైవే మీదికి ఎక్కే ఫ్లైఓవర్ ర్యాంపు ఎడమకి పొడుగ్గా తిరుగుతుంది. వేగం కూడా ఎక్కువేం లేదు. ముందు ఎవరివో బ్రేక్ లైట్లు కనిపించి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. అంతే. కారు వెనక భాగం నన్ను అడక్కుండా కుడివైపుకి బయల్దేరింది. హెడ్‌లైట్ల వెలుగులో లోపలివైపు కాంక్రీట్ గోడ ఎదురుగా కనిపించింది. స్టీరింగ్ ఎటు తిప్పానో నాకు గుర్తు లేదు. ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగి, గోడకి చెయ్యి చాపితే తగిలేంత దూరంలో కారు ఆగింది. వెనక వచ్చేవాళ్ళు దూరంగా ఉన్నారు కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను.

మా ఆవిడ ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. తలుపు తాళం తీస్తూ, "నేను ఇంక ఇందులో ఎక్కను" అంది. కోపంగా అంటే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. మామూలుగా అంది.

నేను వాన మీద పెట్టాను. తర్వాత టైర్ల మీద పెట్టాను. నా స్ప్రెడ్‌షీట్ మీద అనుమానం రాలేదు.

ఇప్పుడు మళ్ళీ పార్కింగ్‌లోకి. మే నెల. నాన్న 22 ఏళ్ళు లారీ తోలాడు. సొంత బండి, విజయవాడ నుంచి కోల్‌కతా దాకా లోడ్లు. నేను ఇంజినీరింగ్ మూడో ఏడులో ఉండగా అమ్మేశాడు. ఆటోనగర్‌లో ఆ లారీ పక్కన నేను గడిపిన సెలవులకి లెక్క లేదు కానీ, ఒక్కసారి కూడా శ్రద్ధగా చూసింది లేదు.

"చెయ్యి పెట్టు" అన్నాడు. పెట్టాను. "లోపలి నుంచి బయటికి తియ్యి. నున్నగా ఉందా? ఇప్పుడు బయటి నుంచి లోపలికి తొయ్యి."

రంపం మీద చెయ్యి పెట్టినట్టు గుచ్చుకుంది. టైరు గాడి ప్రతి అంచూ ఒకవైపు అరిగి, రెండోవైపు మొనదేలి ఉంది.

"లారీకి ముందు టైర్లు ఇలా తింటే రెండూ బయటికి చూస్తున్నాయని అర్థం. టై రాడ్ తిప్పి సరిచేస్తాం. వెనకవి ఇలా తినడం నేను చూళ్ళేదు. లారీ వెనక ఇరుసు ఒకటే దుంగ, అదెటు తిరుగుతుంది?"

"దీనికి వెనక కూడా తిప్పొచ్చు నాన్నా. నేనే పెట్టించాను. కానీ లోపలికి."

"లోపలికి పెడితే ఇలా తినదురా."

మా లీజులో పార్కింగ్‌లో బండి పనులు చేయకూడదని రాసి ఉంది. అందుకని ఆ శనివారం ఫ్రిస్కోలో ఒక ఫ్రెండ్ గరాజ్‌కి తీసుకెళ్ళాం. కారుకి అటూ ఇటూ స్టాండ్లు పెట్టి, చేపల గాలానికి కట్టే నైలాన్ దారం రెండు వైపులా సమాంతరంగా లాగాం. దారం నుంచి రిమ్ము ముందు అంచుకి ఎంత, వెనక అంచుకి ఎంత అని స్టీల్ స్కేలుతో చూడటమే. నాన్న వాళ్ళు లారీకి ఇంకా సులువుగా చేసేవాళ్ళట. టైర్ల మీద సుద్దతో గీత గీసి, ముందువైపు రెండు గీతల మధ్య దూరం, బండిని అరచుట్టు తోసి వెనకవైపు దూరం టేపుతో కొలిచేవాళ్ళట.

వెనక రెండు చక్రాలకీ ముందు అంచు దారానికి దగ్గరగా ఉంది. ఒక్కో వైపు ఒక మిల్లీమీటరు. పదిహేను అంగుళాల రిమ్ము మీద 0.15 డిగ్రీ అంటే సరిగ్గా అంతే వస్తుంది. అంకె నేను అడిగిందే. దిక్కే తిరగబడింది.

ఆ రాత్రి స్ప్రెడ్‌షీట్ తెరిచాను. వెతకడానికి రెండు నిమిషాలు పట్టలేదు. నేను అంకెలు తెచ్చుకున్న చోట్లలో ఒకదాంట్లో టో ఇన్‌ని ప్లస్‌గా రాస్తే, ఇంకోదాంట్లో మైనస్‌గా రాశారు. ఒక కాలమ్ ఇక్కణ్ణించి, ఒక కాలమ్ అక్కణ్ణించి అతికించాను. షాపు మెషిన్‌కి ప్లస్ అంటే లోపలికి. నా కాగితంలో వెనక టో మైనస్ 0.15. ఆయన కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేశాడు. పైగా అడిగాడు కూడా. ఆ ఎర్ర గడుల్లో క్యాంబర్‌వి పట్టించుకోనక్కర్లేనివి, టోవి మాత్రం నన్ను ఆపడానికి వెలిగినవి. ఎరుపంతా ఒకటే ఎరుపని వదిలేశాను. ఆఫీసులో ఎవరైనా వార్నింగులన్నీ ఆఫ్ చేసి కోడ్ పంపితే రివ్యూలో పేజీన్నర క్లాసు పీకేవాణ్ణి నేను.

వెనక టో అవుట్ ఎందుకు ప్రమాదమో కాగితం మీద బొమ్మ వేస్తే వెంటనే తెలుస్తుంది. ఎడమకి తిరుగుతుంటే బరువు కుడి చక్రాల మీదికి పోతుంది. కుడి వెనక చక్రం కుడివైపు చూస్తుంటే, కారు తోకని అటే లాక్కుపోతుంది. యాక్సిలరేటర్ వదలగానే బరువు ముందుకి జారి, వెనక టైర్ల పట్టు ఇంకా తగ్గుతుంది. ఆపై వాన. నేను చురుకుదనం అని మురిసిపోయింది ఇదే, తోక ముందే బయల్దేరడం. అరుగుదల లెక్క కూడా కట్టాను. 0.15 డిగ్రీ వంకర ఉన్న టైరు కిలోమీటరు నడిస్తే దాదాపు 2.6 మీటర్లు పక్కకి ఈడ్చుకుపోయినట్టు. 5 వేల మైళ్ళంటే 8 వేల కిలోమీటర్లు. అంటే ఆ టైర్లు 21 కిలోమీటర్లు అడ్డంగా నడిచాయి. చాలామంది క్యాంబర్ వల్ల టైర్లు పోతాయని భయపడతారు. క్యాంబర్ లోపలి అంచుని మెల్లగా అరగదీస్తుంది. టో మాత్రం ఆకురాయి.

ఇక కొత్త సెట్టింగ్. నాన్న ఒక్కటే అడిగాడు, "ఈ బండితో నువ్వు ఏం చేస్తావు?" పందేలకి వెళ్దామనుకుంటున్నాను అన్నాను. "ఎన్నిసార్లు వెళ్ళావు?" ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఆఫీసు, కూరగాయల షాపు, ఎప్పుడైనా ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు. నా ఎక్సెల్ షీటులో ఈ ప్రశ్నకి కాలమే లేదు. మైనస్ 2.2 క్యాంబర్ పనికొచ్చేది మలుపుల్లో టైరుని గట్టిగా తొక్కేవాడికి. హైవే మీద తిన్నగా పోయేవాడికి బ్రేకు వేసినప్పుడు టైరు పూర్తి వెడల్పు నేలకి ఆనడం ముఖ్యం.

వెనక రెండు కొత్త టైర్లు వేయించి, అదే షాపుకి, అదే మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. కావాలనే. నా తప్పు ఏంటో చెప్తే ఆయన నవ్వలేదు. "ఈసారి అంకె పక్కన లోపలికో బయటికో కూడా రాయి" అన్నాడు. రాశాను. నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టే కొలిచాడు. ఇంత తేలిక కారుకి నా 78 కేజీలు ఒకవైపే పడితే కోణాలు కొంచెం మారతాయి. ముందు క్యాంబర్ మైనస్ 1.5 అడిగాను. ఎడమ చక్రం బోల్టు తుప్పు పట్టి బుష్‌లో ఇరుక్కుపోయింది. అడిగిన చోటికి రాకుండానే మొరాయించింది, ఇంకా తిప్పితే విరుగుతుందన్నాడు. సరే, కుడివైపు కూడా దానికి సమానంగానే తెచ్చేశాం. రెండు వైపులా సమానంగా ఉండటం నా మైనస్ 1.5 కంటే ముఖ్యం. వెనక మైనస్ 1.6, క్యాస్టర్ రెండు వైపులా 5, ముందు టో సున్నా, వెనక టో ఒక్కో వైపు 0.10, లోపలికి. క్యాంబర్ గడులు కొన్ని ఎర్రగానే ఉన్నాయి. టో గడులు పచ్చగా ఉన్నాయి.

కారు ఇప్పుడు మునుపంత చురుగ్గా లేదు. ఒప్పుకోవాలి. స్టీరింగ్ తిప్పాక ఒక క్షణం ఆలోచించి తిరుగుతుంది. వానలో అదే ర్యాంపు మీద ఒక్కణ్ణే నాలుగుసార్లు వెళ్ళాను. తోక కదల్లేదు.

ర్యాంపు సంగతి నాన్నకి నేను చెప్పలేదు. మా ఆవిడ ఎప్పుడో చెప్పేసిందని ఆయన వెళ్ళే ముందు రోజు తెలిసింది. ఆయన నన్ను ఏమీ అనలేదు. ఎయిర్‌పోర్ట్‌కి అమ్మా, మా ఆవిడా, సూట్‌కేసులూ ఆమె కారులో వచ్చారు. నాన్న నా పక్కన కూర్చున్నాడు. "ఇందులోకి ఎక్కడం కాదురా, దిగడం కష్టం" అంటూనే కూర్చున్నాడు. దారి పొడుగునా ఒక చెయ్యి డోర్ మీద ఉంది.

మా ఆవిడ ఎండ ఉన్న రోజుల్లో ఎక్కుతోంది. మబ్బు పడితే తన కారు తాళాలు తీస్తుంది. నేనేం అనను.

ఇప్పుడు ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో అమ్మతో మాట్లాడటం అయ్యాక నాన్న ఫోన్ తీసుకుంటాడు. మొన్న వెనక టైర్ల ఫొటోలు తీసి పంపాను, బాగా వెలుతురు చూసి మరీ.

"ఫొటోలో ఏం తెలుస్తుందిరా" అన్నాడు. "కిందికెళ్ళి చెయ్యి పెట్టి చెప్పు. నేను లైన్లోనే ఉంటా."

చెప్పులేసుకుని కిందికి దిగాను.