చూపుకూ అనుమతి కావాలి

కాకినాడ నుండి కోటిపల్లి రేవుకు సాగే దారిలో, గోదావరి తూర్పు డెల్టా నడుమ రామచంద్రపురం పట్టణం ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పటి నుండి ఇది కోనసీమ జిల్లాలో భాగం. నదీపాయల మధ్య ఒదిగిన అసలు కోనసీమ గౌతమికి ఆవలి ఒడ్డున మొదలవుతుంది. రామచంద్రపురం ఈవలి ఒడ్డుది. అయినా మట్టీ నీరూ ఒక్కటే. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847-1852 మధ్య ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టిన తరువాత కాలువల వెంట వచ్చిన పచ్చదనమే ఈ ప్రాంతపు సంపద. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పీకివేసిన కాకినాడ - కోటిపల్లి రైలు పట్టాలను 2004లో తిరిగి వేశారు. ఆ పట్టాల వెంట చూస్తే వరిచేలు, కాలువ గట్లు, కొబ్బరి చెట్లు, వాటి మధ్య పెంకుటిళ్ళు, డాబాలు కనిపిస్తాయి.

పట్టణానికి సమీపంలోనే ద్రాక్షారామం. అక్కడ పంచారామాలలో ఒకటైన భీమేశ్వరాలయం ఉంది. హజ్రత్ సయ్యద్ షా భాజీ ఔలియా దర్గా కూడా అక్కడే ఉంది. తరతరాలుగా ఇరు సమాజాల ప్రజలు ఒకరి పండుగల సందడి ఒకరు వింటూ, ఒకరి గడప గౌరవాన్ని ఒకరు కాపాడుకుంటూ జీవిస్తున్న నేల ఇది.

ఈ ప్రాంతపు పాత ఇళ్ళ నిర్మాణంలో ఒక విశేషం ఉంది. మండువా లోగిలికి వీధివైపు ఎత్తయిన అరుగు, గట్టి గోడలు, బరువైన తలుపులు ఉంటాయి. లోపల నడిమి భాగం మాత్రం ఆకాశానికి తెరచి ఉంటుంది. వెలుతురు, గాలి, వాన నీరు అక్కడి నుండే దిగుతాయి. మండువా లేని ఇంటికి పెరడు ఉంటుంది. బావి, స్నానాల గది, బట్టలారవేసే దండెం, పొయ్యి అన్నీ ఆ పెరట్లోనే. పక్కింటి చూపు పడకుండా తడిక కడతారు. అంటే మన పెద్దలు ఇంటి మర్యాదను నాలుగు దిక్కుల నుండీ కాపాడుకున్నారు గాని, పైదిక్కును విశ్వాసంతో వదిలివేశారు. అక్కడి నుండి చూసేవాడు అల్లాహ్ ఒక్కడే అన్న నిశ్చింత వారిది. ఆ పైదిక్కుకే నేడు ఒక కొత్త కన్ను వచ్చింది. దాని పేరు డ్రోన్.

ఈ యంత్రాన్ని నిందించడం మన ఉద్దేశం కాదు. దాని మేలు కళ్ళారా చూస్తున్నాము. వరిచేలపై మందు చల్లే శ్రమను అది తగ్గిస్తోంది. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన 'నమో డ్రోన్ దీదీ' పథకం 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు వ్యవసాయ డ్రోన్లను అందించాలని ఉద్దేశించింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, పడవ చేరలేని మేడలకు డ్రోన్లు ఆహారాన్ని, మందులను చేరవేశాయి. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటి కోనసీమ లంకలు నీట మునిగినప్పుడు, ఆ విపత్తు ఎంతటిదో పైనుండి తీసిన దృశ్యాలే లోకానికి తెలియజేశాయి. మేలుకు ఉపయోగపడే ప్రతి సాధనమూ అల్లాహ్ అనుగ్రహమే. అయితే అనుగ్రహం ఎంత పెద్దదైతే దాని గురించిన ప్రశ్న కూడా అంత పెద్దదిగా ఉంటుంది.

ఇక మన వీధుల్లోకి వద్దాము. నేడు పెళ్ళి వీడియోకు డ్రోన్ లేకపోతే లోటుగా భావిస్తున్నారు. ఈ ప్రాంతంలోనే ఒక వలీమాలో జరిగినది చెప్పుకోవాలి. స్త్రీల కోసం వేరుగా, నాలుగు వైపులా గుడ్డ కట్టి, పైన మాత్రం సగం తెరచి పందిరి వేశారు. భోజనాలు జరుగుతుండగా తేనెటీగల రొదలాంటి శబ్దంతో డ్రోన్ ఆ పందిరి పైకి వచ్చి ఆగింది. లోపల ఉన్నవారు కొంగులు సవరించుకుంటూ, పసిబిడ్డలకు పాలిస్తున్న తల్లులు ముఖాలు తిప్పుకుంటూ కలవరపడ్డారు. పక్కింటి మేడ మీద బట్టలు తీస్తున్న ఒక హిందూ గృహిణి కిందికి పరుగెత్తింది. ఆమె భర్త వచ్చి, "మీ పరదా మీకెంత ముఖ్యమో మా ఇంటి గౌరవం మాకూ అంతే కదా?" అని అడిగాడు. అక్కడున్న పెద్దల వద్ద సమాధానం లేకపోయింది. డ్రోన్ నడిపిన యువకుడు చెడ్డవాడు కాడు. ఎవరూ అతనికి ఏ హద్దూ చెప్పలేదు, అంతే.

ఆ హద్దులు మొదట చట్టంలో ఉన్నాయి. మన దేశంలో 2021 ఆగస్టు 25 నుండి డ్రోన్ నియమావళి అమలులో ఉంది. బరువును బట్టి డ్రోన్లను విభజించారు: 250 గ్రాముల లోపువి నానో, ఆపైన 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్. డ్రోన్‌ను నమోదు చేసి గుర్తింపు సంఖ్య పొందాలి. నానో డ్రోన్ నడపడానికి, సొంత సరదాకు మైక్రో డ్రోన్ నడపడానికి పైలట్ ధ్రువపత్రం అక్కరలేదు. కాని డబ్బు తీసుకుని పెళ్ళి చిత్రీకరించేవాడు మైక్రో డ్రోన్ వాడితే ధ్రువపత్రం ఉండవలసిందే. ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా గుర్తించారు. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి లేకుండా ఎగరవేయవచ్చు. ఎరుపు మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగరవేయరాదు. అవసరమైతే పోలీసు సూపరింటెండెంటు స్థాయి అధికారి ఒక ప్రదేశాన్ని 96 గంటల వరకు తాత్కాలిక ఎరుపు మండలంగా ప్రకటించవచ్చు. కనుక తీర్థాలు, సభలు, ఊరేగింపులు జరిగే రోజుల్లో నిన్న పచ్చగా ఉన్న ఆకాశం నేడు ఎర్రగా ఉండవచ్చు. నియమాలు మీరితే లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది.

ఆరాధనా స్థలాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2023 జనవరిలో తిరుమల ఆలయాన్ని పైనుండి చిత్రీకరించిన వీడియో బయటకు వచ్చినప్పుడు ఎంత కలకలం రేగిందో, కేసు వరకు ఎలా వెళ్ళిందో పాఠకులకు తెలుసు. ద్రాక్షారామం వంటి చోట ఎవరి ఆరాధనా స్థలం పైన ఎగరవేసినా, బాధ్యుల అనుమతి లేకుండా చేసే పని వివాదానికి విత్తనం నాటడమే.

ఈ నియమావళి ప్రధానంగా ఆకాశంలో ప్రమాదాలు జరగకుండా చూస్తుంది. ఇంటి మర్యాదకు వేరే రక్షణలు ఉన్నాయి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. స్త్రీ ఏకాంతాన్ని దొంగచాటుగా చూడడం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ప్రకారం జైలు శిక్షకు దారితీసే నేరం.

విశ్వాసికి చట్టం మొదటి మెట్టు మాత్రమే. షరీఅత్ ఈ విషయంలో పద్నాలుగు శతాబ్దాల క్రితమే ఎంత లోతుగా మాట్లాడిందో చూడండి. పరాయి ఇళ్ళలోకి అనుమతి కోరి, సలాం చెప్పి గాని ప్రవేశించరాదని, తిరిగి వెళ్ళమంటే తిరిగి వెళ్ళాలని దివ్య ఖుర్ఆన్ (24:27, 28) ఆదేశించింది. ఒకరి లోగుట్టును వెదకరాదని మరొకచోట (49:12) నిషేధించింది. ఒక వ్యక్తి దైవప్రవక్త ముహమ్మద్ (స) గదిలోకి కన్నంలోంచి తొంగిచూసినప్పుడు ఆయన తీవ్రంగా మందలించి, అనుమతి కోరే నియమం పెట్టబడినదే చూపు కోసమని బోధించిన సంఘటన బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. ఆ మనిషి కాలు లోపల పెట్టలేదు. అతని చూపు మాత్రమే లోపలికి వెళ్ళింది. అదే అపరాధమైంది. ఆ మహనీయుడే స్వయంగా ఎవరి ఇంటికి వెళ్ళినా గుమ్మానికి ఎదురుగా నిలబడక కుడికో ఎడమకో జరిగి సలాం చెప్పేవారని అబూదావూద్ హదీసు తెలుపుతుంది. ఆనాటి గుమ్మాలకు తెరలు ఉండేవి కావు.

ఎత్తు నుండి పడే చూపు గురించి కూడా ధర్మవేత్తలు ఆలోచించారు. మినార్ ఎక్కిన ముఅజ్జిన్‌కు చుట్టుపక్కల ఇళ్ళ లోపలి భాగాలు కనబడితే ఏం చేయాలి? ఖైరవాన్ నగరానికి చెందిన మాలికీ విద్వాంసులు ఇమామ్ సహ్నూన్ (మరణం హి. 240) అతన్ని ఎక్కకుండా ఆపాలన్నారు. అజాన్ వంటి పవిత్ర కార్యానికే పొరుగింటి మర్యాదను బలి ఇవ్వరాదంటే, పెళ్ళి వీడియోకు ఇవ్వవచ్చునా?

హనఫీ ఫిఖ్‌హ్ ఆధారంగా ఉస్మానియా రాజ్యంలో 1869-1876 మధ్య రూపొందిన 'మజల్లా' న్యాయ సంహిత మరింత దగ్గరగా వస్తుంది. వంటిల్లు, బావి, ఇంటి ఆవరణ వంటి స్త్రీలు మసలే చోట్లు పరాయి చూపుకు కనబడడాన్ని అది తీవ్రమైన హానిగా పరిగణించింది. దాని 1205వ నిబంధన ప్రకారం, తన తోటలోని పండ్ల చెట్టెక్కితే పొరుగింటి స్త్రీలు కనబడే పక్షంలో, చెట్టెక్కేవాడు ప్రతిసారీ ముందుగా తెలియజేయాలి. అలా తెలియజేయకపోతే న్యాయాధికారి అతన్ని వారించవచ్చు.

కోనసీమవాసులకు ఇంతకంటే చక్కని ఉదాహరణ అక్కరలేదు. కొబ్బరి దింపు కార్మికుడు చెట్టు మొదట నిలబడి కేక వేయనిదే పైకి ఎక్కడు. కాయ ఎవరి తల మీదా పడకూడదని ఆ కేక. పొరుగు పెరట్లో ఉన్నవారు సర్దుకోవడానికి కూడా అది సరిపోతుంది. ఏ మద్రసాలోనూ చదవని ఆ శ్రమజీవి పాటించే మర్యాదను, వేల రూపాయల యంత్రం చేతబట్టినవాడు పాటించలేడా?

కనుక డ్రోన్ పిలిపించే కుటుంబాలూ, దాన్ని నడిపే యువకులూ ఈ కొద్దిపాటి మర్యాదలు పాటించాలి:

1. నమోదు, ధ్రువపత్రం ఉన్నవారినే పిలవాలి. ఆ రోజు ఆ ప్రదేశం ఏ మండలంలో ఉందో ముందే చూసుకోవాలి.

2. చుట్టుపక్కల ఇళ్ళకు, మతభేదం లేకుండా, ముందురోజే వెళ్ళి ఏ సమయంలో ఎగరవేస్తారో చెప్పాలి. వద్దన్న ఇంటి వైపు వెళ్ళరాదు.

3. స్త్రీల పందిరి, పెరళ్ళు, మేడలు, స్నాన ఘట్టాలపై నిలపరాదు. జనసమూహం తలలపై తక్కువ ఎత్తులో తిప్పరాదు. రెక్క విరిగితే అది రాయిలా పడుతుంది.

4. నమాజు, జనాజా, ఖబరస్తాన్, ఇతరుల పూజల వేళ ఆ రొద వినబడనీయరాదు.

5. అనుకోకుండా ఎవరైనా చిత్రంలో పడితే చెరిపివేయాలి. వరద బాధితుల నిస్సహాయతను చిత్రించి లైకుల కోసం పంచుకోవడం వారి ముఖాన్ని అమ్ముకోవడమే.

డ్రోన్ వృత్తిగా జీవిస్తున్న యువకులకు ఒక మాట. మీ సంపాదన హలాల్ కావడానికి యంత్రం కొన్న డబ్బు మాత్రమే హలాల్ అయితే చాలదు; దాని కంటి చూపు కూడా హలాల్ కావాలి. చూపులను దించుకొమ్మని పురుషులకు ముందుగా ఇచ్చిన ఆదేశం (24:30) చేతిలోని రిమోట్‌కు కూడా వర్తిస్తుంది. కప్పుకునే భారమంతా స్త్రీల మీద వేసి, చూసేవాడు స్వేచ్ఛగా తిరగడం న్యాయం కాదు.

నాలుగు వందల అడుగుల పైనుండి చూస్తే మసీదు, ఆలయం, చర్చి, మండువా ఇల్లు, పూరిల్లు అన్నీ ఒకే పచ్చదనం మధ్య చిన్న చుక్కలుగా కనిపిస్తాయి. ప్రతి చుక్కలోనూ ఒక తల్లి, ఒక చెల్లి, ఒక కుటుంబపు గౌరవం ఉన్నాయని మరచిపోకూడదు. ఎంత ఎత్తుకు ఎగిరినా తనను చూసేవాడు తనకంటే పైన ఉన్నాడని గుర్తున్నవాడి చేతిలో ఏ యంత్రమైనా క్షేమమే. అల్లాహ్ మన చూపులకు లజ్జను, మన పొరుగులకు నిశ్చింతను ప్రసాదించుగాక! ఆమీన్.