నర్సమ్మకు పై మెట్టేది?

పల్లె దవాఖానాల మీద రాసుకురమ్మని సంపాదకులు నన్ను మధిర పంపారు. వైరా ఏటి ఒడ్డున, ఖాజీపేట–విజయవాడ రైలు దారిలో ఉన్న ఊరు. చుట్టూ వరి, పత్తి, మిర్చి చేలు. చుట్టుపక్కల ఓ పల్లె దవాఖానాకు వెళ్తే గదులూ రిజిస్టర్లూ చూపించబోయారు. నేను టీకాల బల్ల దగ్గరే ఆగిపోయాను.

బల్ల వెనక యాభై దాటిన ఏఎన్ఎం నర్సమ్మ. వ్యాక్సిన్ క్యారియర్‌లోంచి సీసా తీసి, వెలుతురుకు పట్టి, లేబుల్ మీద గుర్తు చూసింది. లోపలి చతురస్రం చుట్టూ ఉన్న వలయం కంటే లేతగా ఉంటేనే మందు పనికొస్తుంది; వేడి తగిలేకొద్దీ అది ముదురుతుంది. బీసీజీ మందు కలిపి, కలిపిన టైము సీసా మీద రాసింది. నాలుగు గంటలు దాటితే వాడకూడదు. పసివాడి ఎడమ భుజం మీద చర్మాన్ని రెండు వేళ్లతో బిగబట్టి, సూదిని పైపొరలోకే పోనిచ్చింది. తెల్లటి చిన్న బుడిపె లేచింది. అలా లేస్తేనే టీకా సరిగ్గా పడినట్టు. ఆ వేళ్లలో తొందర లేదు, తడబాటు లేదు. చూస్తుంటే చేతులెత్తి మొక్కాలనిపించింది.

తల్లీబిడ్డా వెళ్లాక పక్కనున్న ఆశా కార్యకర్తతో అంటోంది: "కొత్త మేడమ్‌కి ఇదంతా నేనే చూపించా. మంచి పిల్ల, ఆమె మీద నాకేం లేదు. నేను మాత్రం చేరిన కాడనే ఉన్నా."

"నువ్వు మాకన్నా ఒక మెట్టు పైనన్నా ఉన్నవక్కా, మాకు అదీ లేదు" అంది ఆశా.

ఆ మాటలు నన్ను వదల్లేదు. 2018లో కేంద్రం ఆరోగ్య ఉపకేంద్రాలను వెల్‌నెస్ సెంటర్లుగా మార్చడం మొదలుపెట్టింది. మన పల్లె దవాఖానాలు అవే. వాటిని నడిపే పెద్దల కోసం, అంటే ఆ కొత్త మేడమ్ లాంటివారి కోసం, తెలంగాణ 2022లో 1,569 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. ఎంబీబీఎస్, ఆయుర్వేద వైద్యులు, స్టాఫ్ నర్సులు అర్హులు. ఎన్నేళ్లు పనిచేసినా ఏఎన్ఎం అర్హత సరిపోదు. స్టాఫ్ నర్సు కావడానికి జీఎన్ఎం చదవచ్చు నిజమే. మూడేళ్లు జీతం మానుకుని కాలేజీకి పోతే ఇల్లు గడిచేదెలా?

అనుభవంతో పై మెట్టు ఎక్కించడం మనకు తెలియనిదేమీ కాదు. అయిదేళ్ల అనుభవమున్న ఏఎన్ఎంకు ఆరు నెలల శిక్షణ ఇచ్చి సూపర్‌వైజర్‌ని చేసే పద్ధతి మన ఆరోగ్య వ్యవస్థలోనే ఉంది. ఆ మెట్టుకు పైన దవాఖానాను నడిపే స్థాయి దాకా మరో మెట్టు కట్టలేదు. 2005లో మొదలైన ఆశా వ్యవస్థలోని కార్యకర్తలకు 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రపంచ ఆరోగ్య నాయకుల పురస్కారం ఇచ్చింది. సొంత ఊరి దవాఖానాలో మాత్రం వారికి నాయకత్వానికి దారి లేదు.

చదువు అక్కర్లేదని నేననను. మందు రాసేవారికి చదువు ఉండి తీరాలి. కానీ ఏ ఇంట్లో ఎవరికి బీపీ, ఏ గర్భిణికి రక్తం తక్కువ, ఏ అత్త ఆసుపత్రికి పంపనంటుంది – ఇవన్నీ తెలిసిన మనిషిని సూది దగ్గరే కట్టిపడేస్తే ఆ అనుభవం ఆమె రిటైర్మెంట్‌తోనే పోతుంది.

ప్రభుత్వం చేయాల్సింది మూడు పనులు. ఏఎన్ఎం కోర్సులో ఆశాలకు సీట్లు కేటాయించాలి. ఏఎన్ఎంలను జీతంతో జీఎన్ఎం చదివించాలి. పల్లె దవాఖానా పెద్దను ఎంచేటప్పుడు ఊళ్లో చేసిన సర్వీసుకు మార్కులివ్వాలి. డబ్బు పెట్టి కట్టిన దవాఖానాలకు పని తెలిసిన పెద్దలు కావాలంటే ఇదే దారి.