పూర్ణఘటం, నీళ్లబిందె

గుంటూరు నుంచి అమరావతి దాకా దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఫిబ్రవరి ఎండ. బస్సు కిటికీలు మూసినా ఘాటు ఆగలేదు. డిగ్రీ రెండో ఏడు పిల్లలమంతా తుమ్ముకుంటూనే మ్యూజియంలో అడుగుపెట్టాం.

లోపల నన్ను కదలనివ్వంది ఒక పలక. పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన పూర్ణఘటం. బొద్దుగా కడుపు, మూతి నిండా తామరలు, పట్టక రెండు పక్కలా వాలిన మొగ్గలు. 2018 నుంచి మన రాష్ట్ర చిహ్నం నడుమ ఉన్నది ఈ ఘటమే.

"ఇలాంటి పలకే ఒకటి ఇక్కడి అమరావతి స్తూపానికి ఇచ్చినవాడు చమ్మకారుడమ్మా, తోలుపనివాడు. పేరు విధిక. ప్రాకృతంలో శాసనం వేయించాడు" అన్నారు మా చరిత్ర మాస్టారు. తండ్రి నాగ ఉపాధ్యాయుడట. తల్లినీ భార్యనూ అన్నదమ్ముల్నీ కొడుకునూ కూతుళ్లనూ కలుపుకుని మరీ రాయించాడు. వర్తకులూ భిక్షుణులూ పేర్లు చెక్కించుకున్న స్తూపానికే! చేసే పని దాచుకోలేదు, పేరుతోపాటే చెప్పుకున్నాడు.

మాది పర్చూరు వైపు మాదిగపల్లె. కారంచేడు మాట వస్తే మా నాయనమ్మ ఇప్పటికీ గొంతు తగ్గిస్తుంది. 1985 జులైలో, తాగే చెరువు నీళ్లు పాడుచేయొద్దని మాదిగలు అన్నందుకు అక్కడ భూస్వాములతో గొడవైంది. కొట్టబోతే మున్నంగి సువార్త చేతిలోని బిందె ఎత్తి అడ్డుపెట్టింది. మర్నాడు, 17న, ఆ భూస్వాములు అక్కడి మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. మిగిలినవాళ్లు చీరాల చేరారు. దళిత మహాసభ పుట్టింది ఆ పోరాటంలోనే. ఇదంతా చిన్నప్పటి నుంచీ విన్నదే. విని ఊరుకున్నాను. ఆ రాతి ఘటం ముందు నిలబడ్డాక మాత్రం సువార్త బిందె కళ్లముందు నుంచి పోలేదు.

మా కాలనీ కుళాయికి రెండ్రోజులకోసారి నీళ్లొస్తాయి, అదీ అందరూ మిరపకోతకు వెళ్లిపోయాక. ఇంటికొచ్చిన రాత్రే అర్జీ రాశాను. కింద వట్టి సంతకాలు వద్దనుకున్నాను. ఇంటింటికీ తిరిగి ఎవరు ఏ పని చేస్తారో, ఇంట్లో ఎవరెవరున్నారో అడిగి పేర్లు ఎక్కించాను. మొదటిది నాయనమ్మది. "మిరపకాయల తొడిమలు తీసే" అని ముందు పెట్టి, కోడలితో, మనవరాళ్లతో కలిపి రాశాను.

వేలిముద్ర వేసి, "ఏదీ, మళ్లీ చదువు" అంది.